తల పడమర, కాళ్లు తూర్పు

సమాధుల తోట చూసుకునేవాడికి పిల్లనివ్వడానికి ఎవరూ తొందరపడరు. నాకిచ్చారు. కారణం, మా మామగారికి నేను "సంఘంలో ఉద్యోగం" అని మాత్రమే చెప్పాను. ఆయన గుడిలో గుమస్తా అనుకున్నాడు. పెళ్లయ్యాక సంగతి తెలిసింది. అప్పట్నుంచి అల్లుడు ఏం చేస్తాడని ఎవరడిగినా "భూమి వ్యవహారాలు" అని చెప్పేవాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, ఎన్ని రిజిస్టర్లు నింపాను అన్నవి ఇందులో ఉండవు. మొదటి దాని గురించి రాయడానికి ఏమీ లేదు. రెండో దాని గురించి రాస్తే చదివి మీరే తోటలోకి వచ్చి పడుకుంటారు. ఒక జట్కావాణ్ణి మేం భూమిలో ఎలా పెట్టామో, ఆ తర్వాత అతని భార్య మమ్మల్ని ఎలా నిలదీసిందో చెబుతాను. నా ఉద్యోగం మొత్తం అందులోనే ఉంది.

నన్ను ఎందుకు తీసుకున్నారు

లష్కర్‌లో పుట్టి పెరిగిన క్రైస్తవ కుర్రాడికి ఆ రోజుల్లో మూడు దారులుండేవి: టీచరు, రైల్వే, ఆఫీసు. మూడింటికీ పరీక్షలుండేవి. కాబట్టి నాకు ఏ దారీ లేదు. పాటల బృందంలో చేరాను. అక్కడా నా గొంతు కన్నా నా జోకులే ఎక్కువ వినిపించేవి.

మా చిన్న మేనమామ భూస్థాపన రోజున తోట గేటు దగ్గర పెట్టె ఇరుక్కుంది. అందరూ ఏడుస్తూ తోస్తున్నారు, పెట్టె కదలదు. "బతికుండగా చుట్టాలింటికి రమ్మంటేనే గుమ్మం దగ్గర ఆగిపోయేవాడు, ఇక్కడికి ఇంత తేలిగ్గా వస్తాడా? జర పక్కకు వంచండి" అన్నాను. ఏడుస్తున్న అత్తయ్య ఫక్కున నవ్వింది. పెట్టె పక్కకు వంగింది, లోపలికి వచ్చింది.

మర్నాడు మా పాస్టరుగారు కబురు పెట్టారు. ఆయన గుంటూరు వైపు మనిషి, పొడుగ్గా, మాట తూచి మాట్లాడేవారు. అందరూ ఆయన్ని అయ్యగారనే పిలిచేవాళ్లం. తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్లాను.

"ఏమయ్యా దానియేలూ, అందరూ ఏడుస్తున్నచోట తల పనిచేసేవాడు ఒకడు కావాలి. తోట చూసుకుంటావా?" అన్నారు.

పొగడ్త అనుకుని పొంగిపోయాను. చాలా నెలల తర్వాత తెలిసింది, నాకన్నా ముందు ఆరుగురిని అడిగారట. వాళ్లకు వేరే దారులున్నాయి.

దిక్కులు, విత్తనాలు

మా వాళ్లను పడుకోబెట్టేటప్పుడు తల పడమర, కాళ్లు తూర్పు. ప్రభువు తూర్పు నుంచి వస్తాడని మా పెద్దల నమ్మకం. చివరి రోజున బూర మోగగానే పోయినవాళ్లంతా లేస్తారు. అలా లేచి నిలబడితే ముఖం నేరుగా ఆయన వైపే ఉండాలి. పాస్టర్లకు మాత్రం ఇది తిరగేసి పెడతారు. తల తూర్పు, కాళ్లు పడమర. లేవగానే వాళ్లు తమ సంఘాన్ని చూడాలట.

ఈ సంగతి నాకు వివరంగా తెలిసిన రోజునే మల్లయ్యకు కూడా చెప్పాను. మల్లయ్య మా తోటలో గోతులు తవ్వేవాడు. కాప్రా చెరువు కింద వాళ్లకు కొంచెం పొలం ఉండేది, పొలం పని లేనప్పుడు ఈ పని. హిందువు. మేం ఎంత చెప్పినా సమాధుల తోట అనేవాడు కాదు, బొందలగడ్డ అనేవాడు. అంతా విని గడ్డపార పక్కన పెట్టాడు.

"అంటే సారూ, లేసినంక సుత మీరంత గా అయ్యగారి మొఖమే సూడాల్నా?"

"అవును."

"మల్ల సచ్చుడెందుకు?"

గడ్డపార తీసి అతని చేతికిచ్చాను.

ఒకటి మాత్రం మీకు గట్టిగా చెబుతాను. ప్రతి భూస్థాపనలోనూ ఒకాయన ఉంటాడు. "శరీరం వట్టి తొడుగమ్మా, మనిషి ఎప్పుడో పైకి వెళ్లిపోయాడు, ఇక్కడ ఉన్నది మట్టి" అని ఓదారుస్తుంటాడు. సాధారణంగా పెట్టె మోయడానికి భుజం ఇవ్వనివాడు ఆయనే అయి ఉంటాడు. మా అయ్యగారు ఆ మాటను ఒప్పుకునేవారు కాదు. "తొడుగైతే విప్పి పారేసేవాళ్లం. విత్తనం కాబట్టి పాతిపెడుతున్నాం. ఇదే శరీరాన్ని ఆయన లేపుతాడు. అందుకే కడుగుతాం, మంచి బట్ట కడతాం, దిక్కు చూసి పెడతాం" అనేవారు.

మల్లయ్య రైతు. విత్తనం మాట వచ్చేసరికి ఊరుకోలేకపోయాడు.

"విత్తనమైతే జెర మీదికే వెయ్యాలె గదా అయ్యగారూ. గింత లోతుల పెడ్తె మొలుస్తదా?"

"మొలిపించేవాడు వేరే ఉన్నాడు. నువ్వు తవ్వు."

వేదాంత పాఠశాలకు వెళ్లకుండా నేను నేర్చుకున్న వేదాంతం ఇంతే. మిగతాదంతా వానలో నేర్చుకున్నాను.

గొడుగు

వాన కన్నా ముందు గొడుగు సంగతి చెప్పాలి. మా గుడి పక్క గదిలో ఒక అద్దాల బీరువా ఉండేది. అందులో ఒకే ఒక్క వస్తువు: నల్ల గొడుగు. ఎన్నో ఏళ్ల కిందట మా సంఘాన్ని కట్టిన మిషనరీ దొరసానమ్మ ఆ గొడుగు వేసుకుని ఎండలో ఇంటింటికీ తిరిగిందట. ఆమె సమాధి మా తోటలోనే ఉంది. గొడుగు మాత్రం బీరువాలో, పిడి గుడి వైపు తిప్పి, తెల్ల గుడ్డ మీద పడుకుని ఉండేది.

దాని కాపలా మా సంఘ పెద్ద ఎలీషాగారిది. ఏదో సర్కారు ఆఫీసులో హెడ్‌క్లర్కు. ఏడాదికోసారి గుళ్లో వాక్యం, అంటే ప్రసంగం, ఆయనే చెప్పేవారు, ఎప్పుడూ ఒకే విషయం మీద. మా గోడకు అవతల రోమన్ కథొలిక్కుల గుడి ఉంది. వాళ్ల బలిపీఠం రాతి కింద ఎవరో పునీతుడి ఎముక ఉందని, దాన్ని ముద్దు పెట్టుకుంటారని, అది అజ్ఞానమని, మనకు అలాంటి జాడ్యాలు లేవని చెప్పి కూర్చునేవారు. తర్వాత నన్ను పిలిచేవారు.

"ఏమోయ్, బీరువా తుడిచావా?"

"తుడిచానండీ."

"గొడుగు తాకలేదు గదా?"

"లేదండీ."

ముట్టుకోకుండా దుమ్ము దులపడం ఎలాగో నాకు ఆయనే నేర్పారు. ఊదాలి.

ఏనుగు

పోలీస్ యాక్షన్ జరిగిన ఆ సెప్టెంబరులో లష్కర్ అంతా తలుపులు వేసుకుని కూర్చుంది. పైన విమానాలు, కింద వాన, మధ్యలో పుకార్లు. చచ్చిపోయేవాళ్లు మాత్రం ఎప్పటిలాగే చచ్చిపోయారు. వాళ్లకు రేడియో లేదు.

నేరేడ్‌మెట్‌లో యోనా అనే జట్కావాడు జ్వరంతో పోయాడు. అతని సంగతి సంఘమంతా ఎరుగుదురు. ముప్పై ఏళ్లు ప్రతి ఆదివారం భార్య సాలమ్మను జట్కాలో తెచ్చి గుడి గేటు దగ్గర దింపేవాడు. ఆమె దిగగానే బండి తిప్పేసి నేరుగా కల్లు కాంపౌండుకు పోయేవాడు. ఆరాధన అయ్యే వేళకు మళ్లీ వచ్చి నిలబడేవాడు, గుర్రం మీద ఆనుకుని. చివరి ఏడాది ఒక ఆదివారం సాలమ్మ దిగింది, బండి తిరగలేదు. యోనా కూడా దిగాడు. లోపలికి వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఆ రోజు అయ్యగారు వాక్యం మధ్యలో ఆగిపోయి నీళ్లు తాగారు. తర్వాత ఏ ఆదివారమూ అతను మానలేదు.

అలాంటి మనిషికి పెట్టె చేయించాలి. మామూలుగా మా పెట్టె భుజాల దగ్గర వెడల్పుగా, కాళ్ల వైపు సన్నగా ఉంటుంది. గుడ్డివాడికి కూడా తల ఎటో తెలుస్తుంది. ఆ వారం రెజిమెంటల్ బజార్‌లో పలక చెక్క లేదు. పెట్టెలు చేసే వడ్రంగి టీ డబ్బాల చెక్కలు విప్పి, రెండు వైపులా ఒకే కొలతతో డబ్బాలాంటి పెట్టె బిగించి ఇచ్చాడు. తల ఎటు పెట్టామో తెలియడానికి నేను సుద్దముక్కతో ఒక చివర "తల" అని పెద్ద అక్షరాలతో రాశాను. చాలా తెలివైన పని చేశానని అనుకున్నాను కూడా. వానాకాలంలో.

పెట్టెను యోనా జట్కా మీదే ఎక్కించాం, అతని గుర్రమే లాగింది. తోలడానికి మల్లయ్య. వెనక అయ్యగారు, సాలమ్మ, ఇంకో పదిమంది. అంతా పద్ధతిగా సాగుతుండగా సందు మొదట్లో గుర్రం తనంతట తను పక్కకు మళ్లి లోపలికి పోయి నిలబడింది. తల ఎత్తి చూస్తే కల్లు కాంపౌండు.

"హే! హే! ఏందే నీ తక్లీఫు?" అని మల్లయ్య అదిలిస్తున్నాడు. గుర్రం కదలదు. దాని డ్యూటీ అది చేసింది. యజమాని మారుమనసు పొందాడు గాని గుర్రానికి ఎవరూ చెప్పలేదు.

సందు ఇరుకు, బండి తిరగదు. పెట్టె దింపి అరుగు మీద పెట్టాం. బండిని వెనక్కి తోస్తున్నాం. సరిగ్గా అప్పుడే తల మీద నుంచి విమానం పోయింది. ఎవరి దారిన వాళ్లం గోడలకు అతుక్కుపోయాం. అయ్యగారు ఒక కల్లు కుండల వరస వెనక దాక్కున్నారు. ఆ సంగతి నేను ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. విమానం పోయాక హడావుడిగా పెట్టె ఎక్కించాం. తోటకు వచ్చేసరికి కుండపోత వాన. పెట్టె మీద అక్షరాలు లేవు. తూర్పు వైపు ఏ చివర ఉండాలని మల్లయ్య అడిగితే, ఎక్కించినట్టే దింపు అన్నాను. ఎలా ఎక్కించామో మాత్రం నేను చూడలేదు.

మూడో రోజు ప్రార్థనకు సాలమ్మ ఇంట్లో కూడాం. పాట అయింది, వాక్యం అయింది, టీ వచ్చింది. అప్పుడు సాలమ్మ అంది:

"అయ్యగారూ, ఏనుగు యాడ పోయింది?"

దుఃఖంలో మతి చలించిందనుకున్నాం. అయ్యగారు మెల్లగా, "ఏ ఏనుగమ్మా?" అన్నారు.

"పెట్టె మీది ఏనుగు. టీ డబ్బ మీద ఏనుగు బొమ్మ ఉంటది గద, గది. ఇంట్ల పెట్టెల పెట్టినప్పుడు ఏనుగు ఆయన కాళ్ల దిక్కున్నది. నేను కాళ్ల కాడనే కూసున్న, పొద్దంత దాన్నే సూసిన. బొందల దించినప్పుడు గా ఏనుగు పడమటికి పోయింది."

టీ గ్లాసులన్నీ ఒకేసారి కిందకు దిగాయి. ఏనుగు పడమటికి పోతే కాళ్లు పడమటికి పోయాయి. తల తూర్పున ఉంది. అంటే యోనా లేచి నిలబడితే వీపు ప్రభువు వైపు.

"ముప్ఫై ఏండ్లు అటే తిరిగి ఉండె," అంది సాలమ్మ. "ఒక్కసారి ఇటు తిరిగిండు. మీరు మల్ల అటే తిప్పి పండవెట్టిండ్రు."

ఇప్పుడు నా తెలివి చూడండి. నేను ఊరుకోలేక, "పేరే యోనా కదమ్మా, తూర్పుకు పొమ్మంటే పడమటికి ఓడెక్కే పేరు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. మల్లయ్య కూడా నవ్వలేదు, అతనికి బైబిల్లో యోనా ప్రవక్త కథ తెలియదు. సాలమ్మ నా చేతిలోంచి టీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. అందులో ఇంకా సగం టీ ఉంది. ఏడుపు మధ్యలో నవ్వించవచ్చు, అది మన పనిలో భాగమే. అయితే తప్పు మనదైనప్పుడు నోరు మూసుకోవాలి. ఇది నేను ఒక సగం గ్లాసు టీ ఖర్చుతో నేర్చుకున్నాను.

గోడకు అవతల

అయ్యగారు ఆమెను ఓదార్చడానికి రెండుసార్లు వెళ్లారు. సముద్రంలో పోయినవాళ్లకు దిక్కేది, యుద్ధాల్లో పోయినవాళ్లకు దిక్కేది, అందరినీ లేపేవాడు యోనాను తిప్పలేడా అన్నారు. మాట సరైనదే.

"ప్రభువు పిలిస్తే వెనక్కి తిరగడా అమ్మా?"

"నేను ముప్ఫై ఏండ్లు పిలిసిన గద అయ్యగారూ. తిరిగిండా?"

అయ్యగారు ఇంటికి వచ్చి పడుకున్నారు.

నాకు నిద్ర పట్టలేదు. రాసింది నేను, దింపమన్నది నేను. ఒక సాయంత్రం గోడకు అవతలికి, కథొలిక్కుల గుడికి వెళ్లాను. అక్కడి ఫాదర్ ముసలాయన, తోటలో చామంతులకు నీళ్లు పోస్తున్నాడు. ఎముకలతో పాత పరిచయం ఉన్నవాళ్లు కదా, ఏమైనా ఉపాయం తెలుస్తుందేమోనని సంగతంతా చెప్పాను.

ఆయన చాలాసేపు నవ్వాడు. గుర్రం దగ్గర మరీ నవ్వాడు. తర్వాత అన్నాడు: "మా బలిపీఠం కింద ఒక పునీతుడి వేలి ఎముక ఉంది. మిగతా ఆయన ఎక్కడో విదేశంలో ఉన్నాడు. లేచే రోజున వేలు వెతుక్కుంటూ లష్కర్ దాకా వస్తాడా ఫాదర్ అని పిల్లలు అడుగుతుంటారు."

"మీరేమంటారు?"

"వేలు దొరక్కపోతే ఆగిపోయే దేవుడైతే, మనం ఎప్పుడో ఆగిపోయేవాళ్లం అంటాను."

"మరి ఎముక దాచడం ఎందుకు?"

"ఆయనకు అవసరమని కాదు, మనకు. ఆ చేత్తో ఆ మనిషి కుష్ఠురోగులకు కట్లు కట్టాడు. దేవుడు వాడుకున్న చెయ్యి. దాన్ని చెత్తలో ఎలా పారేస్తాం? ముట్టుకుని వందనం చెప్పుకుంటాం. మీ సాలమ్మ కూడా అంతే అడుగుతోంది. ఆమె భర్త కాళ్లు ఒక రోజున గుళ్లోకి నడిచాయి. ఆ కాళ్లను మీరు లెక్కలేకుండా పెట్టారు."

ఆ మాటలు నాకు బాగా నచ్చాయి. ఎంత బాగా నచ్చాయంటే, నేరేడ్‌మెట్ వెళ్లి నా సొంత మాటల్లా సాలమ్మకు చెప్పాను.

ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా అంది, "గవి నీ మాటలు కావు బిడ్డా. నీ మాటలైతే నాకు కోపమొస్తుండె."

అయినా ఆ రోజు టీ పూర్తిగా తాగనిచ్చింది.

పెద్దల సభ

సాలమ్మ కోరింది ఒక్కటే: గొయ్యి తెరిచి యోనాను తిప్పి పెట్టాలి. పెద్దలంతా గుడి పక్క గదిలో కూర్చున్నారు. ఆమె గుమ్మం దగ్గర నిలబడింది. బీరువా పక్కన నేను.

ఎలీషాగారు లేచారు. "చూడమ్మా, దేశంలో పరిస్థితి చూస్తున్నావు. దాచిన ఆయుధాల కోసం సోదాలు జరుగుతున్నాయి. ఈ సమయంలో గొయ్యి తవ్వితే మిలిటరీ వచ్చి కూర్చుంటుంది. అయినా మనం ఎముకల్ని పట్టుకు వేలాడేవాళ్లం కాదు. మట్టి మట్టిలో కలిసింది. మట్టికి దిక్కేమిటి?"

"గట్లనా అయ్యా," అంది సాలమ్మ. "మరి గా గొడుగుకేంది?"

"గొడుగా?"

"గా అద్దాల బీరువల గొడుగు. పిడి గుడి దిక్కు పెట్టిండ్రు. తెల్ల బట్ట పరిసిండ్రు. ఈ పిలగానితోని ఊదిపిస్తరు, చెయ్యి తగలనియ్యరు. దొరసానమ్మ కర్రకు దిక్కున్నది. నా మొగనికి లేదా?"

ఎలీషాగారి ముఖం ఎర్రబడింది. "అది జ్ఞాపకం. పూజ కాదు. ఏం, అది మామూలు గొడుగే. కావాలంటే వేసుకోవచ్చు. ఇదిగో!" అంటూ బీరువా తెరిచి, గొడుగు తీసి, అందరూ చూస్తుండగా మీట నొక్కి పైకి తోశారు.

గొడుగు తెరుచుకుంది. తెరుచుకున్నది ఊచలు మాత్రమే. గుడ్డ మొత్తం పేలికలై, పొడై, ఎలీషాగారి కోటు మీద, జుట్టు మీద, అయ్యగారి టీలో రాలింది. పురుగులు ఎన్నేళ్ల కిందట ఆరాధన ముగించుకుని వెళ్లిపోయాయో తెలియదు.

నా జీవితంలో నోటిదాకా వచ్చి మింగిన జోకుల్లో అప్పుడు మింగినంత మంచిది ఇంకోటి లేదు. ఇప్పుడైనా చెబుదామంటే, ఎలీషాగారి కళ్లలో నీళ్లు గుర్తొస్తాయి. ఆయన ఆ ఊచలు పట్టుకుని పసిపిల్లాడిలా నిలబడిపోయారు. చిన్నప్పుడు ఆ గొడుగు నీడలోనే దొరసానమ్మ చెయ్యి పట్టుకుని బడికి వెళ్లారట. ఆ సంగతి ఆ రోజే చెప్పారు. ఇన్నేళ్ల ప్రసంగాల్లో ఒక్కసారి చెప్పలేదు.

చివరికి సాలమ్మే వచ్చి ఆయన కోటు దులిపింది.

"బాధ పడకుండ్రి అయ్యా. పిడి మంచిగనే ఉన్నది."

ఎలీషాగారు కూర్చుని, తన చేత్తోనే పర్మిషన్‌కు అర్జీ రాశారు.

కొత్త పాస్టర్లకు నాదొక సలహా. అవశేషాలకు వ్యతిరేకంగా ప్రసంగించే ముందు మీ గుడిలో బీరువాలన్నీ ఒకసారి తెరిచి చూసుకోండి. ప్రతి సంఘానికీ ఒక గొడుగు ఉంటుంది. ఉండటం తప్పు కాదు. మనకు లేదనుకోవడమే తప్పు.

అక్కణ్నుంచి అక్కడికే

అర్జీ పట్టుకుని నేను తిరిగిన ఆఫీసులన్నీ అప్పుడే చేతులు మారాయి. పాతవాళ్లకు అధికారం లేదు, కొత్తవాళ్లకు కుర్చీలు లేవు. ఒక ఆఫీసరు, ఎక్కడో దూరం నుంచి వచ్చినవాడు, కాగితం మూడుసార్లు చదివాడు.

"శవాన్ని ఎక్కడికి మారుస్తారు?"

"ఎక్కడికీ కాదండీ. అక్కడే."

"అక్కణ్నుంచి అక్కడికే?"

"అవునండీ."

"పెట్టెలో ఏముంది?"

"యోనా ఉన్నాడండీ."

"ఇంకా?"

"ఇంకా కూడా యోనాయేనండీ."

అతను గంట కొట్టి ఎవరినో పిలిచాడు. ఇద్దరు జవాన్లు మూడు రోజులు తోట గేటు దగ్గర కాపలా ఉన్నారు. వాళ్లకు మల్లయ్య జామకాయలు కోసి ఇచ్చాడు. పర్మిషన్ మాత్రం వానలు పోయి, చలి పోయి, ఎండలు ముదిరాక వచ్చింది.

కాగితం తీసుకుని సాలమ్మను తోటకు రమ్మన్నాను. అయ్యగారు, ఎలీషాగారు వచ్చారు. మల్లయ్య గడ్డపారతో సిద్ధంగా ఉన్నాడు. ఆమె సమాధి పక్కన కూర్చుని అతన్నే అడిగింది.

"మల్లన్నా, నిజం చెప్పు. ఇప్పుడు లేపితే ఎట్లుంటడు?"

మల్లయ్య నా వైపు చూశాడు. నేను అయ్యగారి వైపు చూశాను. అయ్యగారు చెట్టు వైపు చూశారు.

"అక్కా, అది నాసి చెక్క. వాన మస్తు పడ్డది," అన్నాడు మల్లయ్య. "ఎత్తితె ఎత్తినట్టు రాడు."

ఆమె మట్టి మీద చెయ్యి పెట్టింది. గడ్డపార కిందపెట్టమని సైగ చేసింది.

"వద్దు. కూడవెట్టి, ఏరి, తిప్పుడు నాకొద్దు. పండుకున్నోణ్ణి పండుకోనియ్యుండ్రి." తర్వాత సమాధి కాళ్ల వైపు, అంటే పడమటి వైపు ఉన్న ఖాళీ జాగా చూపించింది. చుట్టూ ఇటుకలు పాతి ఉన్నాయి. "గది ఎవరిది?"

ఎలీషాగారు గొంతు సవరించుకున్నారు. "నాది. ఎప్పుడో పెట్టుకున్నాను."

"నాకియ్యుండ్రి."

"అదెలా కుదురుతుందమ్మా? మా అమ్మ అదే వరసలో ఉంది..."

"అయ్యా, జెర ఆలోచన చెయ్యుండ్రి. మీరు అండ్ల పండుకుంటరు, తల పడమర, కాళ్లు తూర్పు. బూర మోగుతది. మీరు లేస్తరు. మా ఆయన లేస్తడు. ఆయన మొఖం పడమటికి, మీ మొఖం తూర్పుకు. లేవంగనె మీ ఎదురుంగ ఎవరుంటరు?"

ఎలీషాగారు ఆలోచించారు. మట్టికి దిక్కేమిటన్న మనిషి చాలా శ్రద్ధగా, ఒక్కో దిక్కూ చూసుకుంటూ ఆలోచించారు. ప్రభువును చూడాల్సిన చోట జట్కా యోనా, అడుగు దూరంలో, ముఖంలో ముఖం.

"తీసుకో అమ్మా," అన్నారు. "మా అమ్మకు అవతలి పక్కన ఇంకో చోటు ఉంది."

అయ్యగారికి ఇంకా అర్థం కాలేదు. "అమ్మా, నీకు అక్కడెందుకు?"

"నేను లేస్త గద అయ్యగారూ. లేవంగనె ఆయన నా ఎదురుంగనే ఉంటడు. నన్ను సూస్తడు. రెండు భుజాలు వట్టి ఇట్ల తిప్పుత, 'అగో, అటు సూడు' అంట." ఆమె రెండు చేతులూ గాలిలో ఎవరి భుజాలో పట్టుకున్నట్టు తిప్పి చూపించింది. "ముప్ఫై ఏండ్లు దూరం కెళ్లి పిలిసిన, ఇనలే. ఈసారి దగ్గరనే ఉంట."

అయ్యగారు ఈ వాదాన్ని ఏ వాక్యంతో ఖండించాలా అని వెతుక్కున్నారనుకుంటాను. చివరికి టోపీ తీసి నిలబడ్డారు.

చాలా ఏళ్ల తర్వాత సాలమ్మను నేనే అక్కడ పెట్టించాను. అప్పటికి మంచి చెక్క దొరికేది, పెట్టె భుజాల దగ్గర వెడల్పుగా చేయించాను. అయినా మూత వేసే ముందు, ఎక్కించే ముందు, దింపే ముందు, ముఖం ఎటుందో నా కళ్లతో చూశాను. అయ్యగారు అప్పటికి లేరు. వచ్చిన కొత్త పాస్టరుగారు, ఇతనేంటి ఇంత చాదస్తుడు అన్నట్టు చూశారు. పోనీలెండి.

తోటలోకి వచ్చాక మీకు ఆ రెండు సమాధులు వెంటనే కనిపిస్తాయి. వరస తప్పి ఉంటాయి, కాళ్లు కాళ్లు ఎదురుగా, మధ్యలో సన్నటి సందు. కమిటీవాళ్లు వరస సరిచేద్దామంటారు, వద్దనండి. నీళ్ల కుళాయికి అదే దగ్గర దారి కాబట్టి అందరూ ఆ సందులోంచే నడుస్తుంటారు. వాళ్లకు చెప్పండి, చుట్టూ తిరిగి పొమ్మనండి. ఆ బూర ఎప్పుడు మోగుతుందో మనకు తెలియదు. మోగినప్పుడు ఆ ఇద్దరి మధ్యలో బిందె పట్టుకుని ఎవరూ నిలబడి ఉండకూడదు.